నేను కొట్టేసిన కొమ్ము

ముందే ఒప్పుకుంటాను. మా నాయిన జబ్బు సంగతిలో అందరికంటే పెద్ద బుద్ధిహీనుణ్ణి నేనే. నేను బడి పంతులును, అందులోనూ భాషా పంతులును. ఇరవై రెండేళ్లుగా నాందేడ్‌లో పిల్లలకు మరాఠీ వ్యాకరణం చెబుతూ, ఎర్ర పెన్నుతో వాళ్ళ తప్పులు దిద్దుతూ బతుకుతున్నాను. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే పెళ్ళిపత్రికలు, దుకాణాల బోర్డులు, బజ్జీలు కట్టి ఇచ్చిన కాగితం ముక్క కూడా మనసులో దిద్దకుండా వదలను. అలా దిద్దుతూ దిద్దుతూ మా నాయిన రాసిన చీటీలో ఒక కొమ్ము కొట్టేశాను. ఉకారానికి తెలుగులో కొమ్ము అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని సరిగ్గానే పెట్టాడు. నేను కొట్టేసిన కొమ్ము వెనక్కి తిరిగి వచ్చి పొడిచింది. నన్ను కాదు, ఆయనను.

ఇది రాస్తే మనసు కాస్త కుదురుకుంటుందని ఆశ. మాలాగా రెండు మూడు భాషలు ఒకే గిన్నెలో వండుకుని తినే ఇళ్ళవాళ్ళకు ఒక హెచ్చరిక కూడా. వంట రుచిగానే ఉంటుంది. తినేటప్పుడు రాళ్ళు చూసుకోండి.

మా నాయిన పేరు గంగారాం. దెగ్లూర్ దగ్గర పల్లె. మా తాతకు గుంటెడు భూమి లేదు. సాల్‌గడీగా, అంటే ఏడాదికింతని మాట్లాడుకుని ఒకరి పొలంలో పాలేరుగా, బతుకు వెళ్ళదీశాడు. నాయిన ఏడో తరగతి దాకా మరాఠీ బడిలో చదివి, పద్దెనిమిదేళ్ళకు ఫౌజులో చేరాడు. మా బడిలో ఒకసారి ఆగస్టు పదిహేనుకు ఆయనను పిలిచి, చిన్నప్పటి నుంచే ఆయనకు దేశభక్తి ఎక్కువని నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఆయన పక్కనుంచి మెల్లగా గొణిగాడు.

"దేశభక్తి తర్వాత అచ్చింది రా. ముందుగాల అయితే రెండు పూటల రొట్టె."

ఫౌజులో ఆయన ట్రక్కు డ్రైవరు. మంచుకొండల మీద సామాను మోశాడు, మనుషులను మోశాడు, హవల్దారై తిరిగి వచ్చాడు. యుద్ధం గురించి అడిగితే టైర్ల గురించి చెప్పేవాడు. ఒకసారి గాయపడిన పదకొండు మందిని మంచుదారిలో కిందికి దించాడని ఆయన పాత దోస్తు చెబితే తెలిసింది. అదే సంగతి నాయినను అడిగితే, ఆ రోజు టైరుకు కట్టిన గొలుసు ఎక్కడ తెగిందో, తీగతో ఎట్లా ముడేశాడో మాత్రం అరగంట చెప్పాడు.

అమ్మది బోధన్. అయిదో తరగతి దాకా తెలుగు బడి. ఇక్కడే మా ఇంటి తమాషా మొదలైంది. నాయినకు తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. అమ్మకు తెలుగు అక్షరం వచ్చు, మరాఠీ అక్షరం రాదు. కాబట్టి ఆయన కొండల మీద నుంచి తెలుగు ఉత్తరాలను మరాఠీ అక్షరాల్లో రాసేవాడు. అవి అమ్మ చదవలేదు. పక్కింటి మరాఠీ పిన్ని, మేము కాకూ అని పిలిచే ఆమె, చదివి వినిపించేది. ఆమెకు అక్షరాలు వచ్చు, అర్థం తెలియదు. "నువ్వు లేక అన్నం సప్పగున్నది" అనే వాక్యాన్ని ఆమె రైలు స్టేషన్‌లో ప్రకటన చదివినట్టు చదివేదట. అమ్మ ముఖం ఎర్రబడేది. ఏం రాశాడని కాకూ అడిగితే, "ఆడ వానలు పడుతున్నయట" అనేది. ఏడాది పొడుగునా వానలే. చివరికి కాకూకే అనుమానం వచ్చింది, ఆ కొండల మీద ఎండాకాలం రాదా అని. ఆ సిగ్గుకే అమ్మ మరాఠీ అక్షరాలు నేర్చుకుంది. తన తెలుగు అక్షరాలు మాత్రం పలక మీద నాకు దిద్దించింది. ఇప్పుడు ఇది రాస్తున్నది వాటితోనే.

ఫౌజు నుంచి వచ్చాక నాయిన పన్నెండేళ్ళు బ్యాంకు గేటు దగ్గర కాపలా చేశాడు. అది కూడా అయ్యాక ఇంటి గేటు దగ్గరికి మారాడు. అందరి చెప్పులు, బూట్లు తుడిచేవాడు. అందరి బట్టలకు ఇస్త్రీ చేసేవాడు. మా అమ్మాయి ఈశ్వరికి రోజూ రెండు జడలు వేసేది ఆయనే. ట్రక్కు మీద తాడు బిగించిన చేతులు కదా, పిల్ల కనుబొమ్మలు సగం నుదురు దాకా లేచేవి. బడిలో దాని టీచర్లు, ఈ పిల్ల ఎందుకు ఎప్పుడూ ఆశ్చర్యపోతూ ఉంటుందని అడిగారు.

ఇంకో అలవాటు, రిపోర్టు. నోటిమాట గాలికి పోతుందని ఆయన నమ్మకం. ఇంట్లో ఏది కావాలన్నా చీటీ మీద రాసి, నా స్కూటరు బ్రేకు పిడికి రబ్బరు బ్యాండుతో కట్టేవాడు. అవే మరాఠీ అక్షరాలు, అదే తెలుగు. "గ్యాసు ఒడిసింది. నంబరు పెట్టు." "ఈశ్వరి బూటు కరుస్తుంది. కొత్తది తేవాలె." కింద సంతకం.

జూన్‌లో బడులు తెరిచిన వారం ఒక చీటీ కట్టాడు. "ఎడమ దిక్కు పోటు. రెండు దినాల సంది. నడిస్తే జాస్త."

తెలుగులో పోటు అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. పొడిచినట్టుండే నొప్పి. మరాఠీలో పోట్ అంటే కడుపు. చీటీలో ఉన్నది మరాఠీ అక్షరం. చూసింది మరాఠీ పంతులు. మరాఠీలో మాట చివర ఉకారం వస్తే దీర్ఘం ఇవ్వాలి, ఇది నేను ప్రతి జూన్‌లో మొదటి వారమే చెప్పే పాఠం. ఆయన హ్రస్వం ఇచ్చాడు. "డెబ్బై నాలుగేళ్ళొచ్చినా కొమ్ములు రాలేదు ఈయనకు" అని నవ్వుకుని, ఆ ఉకారాన్నే మనసులో కొట్టేశాను. ఎడమ వైపు కడుపు. నడిస్తే ఎక్కువ. మా ఇంట్లో సగం మాటలు మరాఠీవే కాబట్టి నాకు ఏ అనుమానమూ రాలేదు. ఆ వాక్యానికి ఎన్ని మార్కులు వేయొచ్చో కూడా ఆలోచించాను, దేవుడు నన్ను క్షమించాలి.

బడి నుంచి వస్తూ మా గల్లీ డాక్టరు దగ్గర ఆగాను. మంచివాడు, ఆయనను అనడానికి నాకు నోరు లేదు. కడుపు నొప్పి అన్నాను. తిన్నాక వస్తుందా అని అడిగాడు. మా నాయిన తిన్న వెంటనే నడుస్తాడు కాబట్టి అవునన్నాను. ఒకసారి తీసుకుని రమ్మన్నాడు.

"ఫౌజీ కడుపు డాక్టర్‌సాబ్, బంకరు లాంటిది. లోపలికి ఎవరినీ రానివ్వడు," అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. సీసా మందు, మాత్రలు రాసిచ్చి, వారంలో తగ్గకపోతే తప్పకుండా తీసుకురమ్మన్నాడు. నేను తీసుకుపోలేదు. బడిలో ప్రవేశాల హడావిడి. ఆ జోకు మాత్రం ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

అమ్మ ఆ మూడు వారాలు బోధన్‌లో, తమ్ముడి కోడలి కాన్పుకు పోయి ఉంది. నా భార్య రేఖ నేను చెప్పిందే నమ్మి, మందు మూతతో కొలిచి ఇచ్చేది. నాయిన ఎదురు చెప్పకుండా తాగేవాడు. రెండో చీటీ వచ్చింది. "మందు తాగుతున్న. పోటు తగ్గలె." కడుపు కదా, నెమ్మదిగా తగ్గుతుందనుకున్నాను. మూడోది, "పోటు పైకి అస్తుంది." గ్యాసు పైకి రాక ఎటు పోతుంది అనుకున్నాను.

జూలైలో ఒక పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే ఈశ్వరి పరుగెత్తుకొచ్చింది. ఒక పక్క జడ ఉంది. రెండో పక్క జుట్టు విడిపోయి ఉంది.

"పప్పా, తాత కూసున్న కాడనే ఒరిగిండు. దువ్వెన ఇడుస్తలేడు."

ఆటోలో ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. మాట మాత్రం ఉంది. తీగలు అంటించి, కాగితం మీది గీత చూసి, డాక్టరు నా ముఖం చూడలేదు, ఆయన ముఖం చూసి హిందీలో అడిగాడు. ఛాతీలో నొప్పి ఎన్ని రోజుల నుంచి బాబా?

"తీన్ హఫ్తే సే, సాబ్. రిపోర్ట్ దియా థా."

మూడు వారాల నుంచి. రిపోర్టు ఇచ్చాను. ఎవరికి అని డాక్టరు అడిగాడు. నాయిన నా వైపు తిరిగాడు. అప్పటికే నాకు కొమ్ము గుచ్చుకుంది. పోటు, పోటు, పోటు అని మూడు చీటీలూ కళ్ళ ముందు ఆడుతున్నాయి. నేను నేల చూశాను. ఆయన మళ్ళీ డాక్టరు వైపు తిరిగాడు.

"కిసీ కో నహీ, సాబ్. భూల్ గయా."

ఎవరికీ ఇవ్వలేదు సాబ్, మరిచిపోయాను. పద్దెనిమిదేళ్ళు సైన్యంలో, పన్నెండేళ్ళు బ్యాంకు గేటు దగ్గర, ఒక్క రిపోర్టు తప్పించని మనిషి, నా కోసం ఆ అబద్ధాన్ని నిటారుగా పడుకుని చెప్పాడు. అప్పుడే వచ్చి ఉంటే గుండె ఇంత చెడిపోయేది కాదని డాక్టరు అన్నాడు. ఆ మాట ఆయన తన మీద వేసుకున్నాడు. నేను వేసుకోనిచ్చాను.

సాయంత్రానికి అమ్మ బోధన్ నుంచి బస్సులో వచ్చింది. సంచి కూడా దించకుండా మొదలుపెట్టింది.

"ఏమయ్యా, నొప్పి అని ఒక్క మాట అనరాదా? కోడలు లేదా, కొడుకు లేడా? నాకన్న ఫోన్ చెయ్యరాదా? ఫౌజీవని గుండె కూడ దాసిపెట్టినవా?"

"తప్పే నర్సూ. సరిగ చెప్పలె," అన్నాడు నాయిన, అమ్మను పేరు పెట్టి పిలిచి.

నేను మంచం కోళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. అప్పుడే చెప్పాల్సింది. రేపు చెప్దాం, కాస్త తేరుకున్నాక చెప్దాం అనుకున్నాను. పిల్లలు హోంవర్కు చేయకపోతే ఇలాంటి సాకులకే నేను బయట నిలబెడతాను.

ఆగస్టు, సెప్టెంబరు అంతా బల్లల మీదే గడిచింది. ఆసుపత్రి బల్లలకు వీపు ఆనుకునే చెక్క ఎందుకు ఉండదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయనకు దమ్ము, అంటే ఆయాసం, వచ్చేది. దమ్ము అంటే ధైర్యమని తెలుగులో ఇంకో అర్థం ఉంది, ఉన్న దమ్మంతా ఆయనకు, లేని దమ్మంతా నాకు. అమ్మ ప్రతిరోజూ అదే తిట్టు తిట్టేది. పళ్ళు కోసి పెడుతూ తిట్టేది, కాళ్ళు ఒత్తుతూ తిట్టేది. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టానికీ మొదటి నుంచి చెప్పేది. వాళ్ళూ తల ఊపి, "ఫౌజోళ్ళు గట్లనే, చెప్పరు" అనేవాళ్ళు. ఆయన వినయంగా ఒప్పుకునేవాడు. ఒక్కో తిట్టుకూ నేను వరండాలోకి పోయి నీళ్ళు తాగి వచ్చేవాణ్ణి. ఆ రెండు నెలల్లో నేను తాగినన్ని నీళ్ళు మా మునిసిపాలిటీ వదిలి ఉండదు.

ఆ వరండాలోనే ఒక ముసలి సర్దార్జీ మధ్యాహ్నం పూట బకెట్‌లో పప్పు, గుడ్డలో రొట్టెలు తెచ్చి రోగుల వెంట ఉన్నవాళ్ళకు పంచేవాడు. నాయిన బల్ల మీద కూర్చున్న తీరు చూసి, "ఫౌజీ హో?" అన్నాడు. అంతే. ఆయనా పాత ఫౌజీయేనట. మరుసటి రోజు నుంచి బకెట్ పక్కన పెట్టి పావుగంట మాట్లాడేవాడు. ఇద్దరూ టైర్ల గురించే. ఆ పావుగంటలో నాయిన ముఖం మళ్ళీ పాత ముఖమయ్యేది. నాకు రొట్టె ఇస్తూ ఒకసారి సర్దార్జీ, "మీ నాన్న ఏదో బరువు మోస్తున్నాడు బేటా, ఒంటిది కాదు," అన్నాడు హిందీలో. నేను ఇంకో రొట్టె అడిగి మాట తప్పించాను.

గణపతి నిమజ్జనం అయ్యాక ఫౌజు కార్డు మీద హైదరాబాద్ పెద్దాసుపత్రికి రాసిచ్చారు. రైల్లో దెగ్లూర్ వైపు కూలీలు ఆయనకు కింది బెర్తు వదిలి, తాము మూటల మీద కూర్చున్నారు. ఆసుపత్రిలో మమ్మల్ని చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. వంగి, ఆయన చెయ్యి పట్టుకుని, తెలుగులో అడిగింది.

"తాతా, మంటగా ఉంటదా, బరువుగా ఉంటదా, పోటు లెక్క ఉంటదా?"

ఆయన కళ్ళు వెలిగాయి. డెబ్బై నాలుగేళ్ళ జీవితంలో ఒక డాక్టరు ఆయన మాటను ఆయన కంటే ముందే పలకడం అదే మొదటిసారి. "పోటే బిడ్డా, పోటే," అన్నాడు. నేను బయటికి వచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. చుట్టూ అంతమంది ఏడుస్తుంటే ఆసుపత్రిలో ఒకడు ఏడిస్తే ఎవరూ పట్టించుకోరు. అదొక సౌకర్యం.

గుండె సగం కంటే తక్కువే పనిచేస్తోందని, ఈ వయసులో కోసి బాగుచేసేది ఏమీ లేదని, మందులతో ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళని చెప్పి పంపారు.

దీపావళి అయిన వారానికి మళ్ళీ నాందేడ్ వార్డులో చేర్చాం. కాళ్ళు నీరు పట్టాయి. ఒక మధ్యాహ్నం అమ్మ ఎప్పటి తిట్టు పూర్తిచేసి, గ్లాసులు కడగడానికి నల్లా దగ్గరికి పోయింది. ఆ రోజు తిట్టుకు చివర కొత్తది ఒకటి చేరింది. "నేను నీకు ఏం కాని దాన్నే కదా, నాకెందుకు చెప్తవ్" అంది. ఆ మాటకు మాత్రం నాయిన కళ్ళు మూసుకున్నాడు. ఇక ఆగలేకపోయాను.

"నాయినా, జూన్ల చీటీ రాసినవ్ కదా."

"ఏ చీటీ?"

"పోటు అని రాసినవ్. నేను పోట్ అని చదివిన. డాక్టరుకు కడుపునొప్పి అని చెప్పిన. నువ్వు సరిగనే చెప్పినవ్. తప్పు నాది."

ఆయన ఫ్యాను చూస్తూ ఉన్నాడు.

"ఎర్కే. మందు డబ్బా మీద కడుపు బొమ్మ ఉండె. అప్పుడే అనుమానం అచ్చింది."

"మరి నన్ను ఎందుకు అడగలె?"

"నువ్వు చదువుకున్నోనివి రా. పోటు కడుపుల నుంచే అస్తదేమో, నాకే ఎర్క లేదేమో అనుకున్న."

నా చదువు మీద ఆయనకు ఉన్న నమ్మకం అంతటిది. ఆయన మెల్లగా దిండు మీద పైకి జరిగి, గొంతు మార్చాడు. చిన్నప్పుడు నన్నూ గల్లీ పిల్లలనూ వరసలో నిలబెట్టిన గొంతు.

"తప్పు ఒప్పుకున్నోనికి ఫౌజుల సజా ఉంటది. సజా అయినంక ఆ తప్పు పేరు మళ్ళ ఎవ్వరు ఎత్తరు. లే. పది గుంజిళ్ళు."

"ఈడనా?"

"మరి పరేడు మైదానానికి పోదమా?"

నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, పొట్ట ఉన్నవాణ్ణి, జనరల్ వార్డులో రెండు చెవులూ పట్టుకుని లేచాను, కూర్చున్నాను. ఎదురు మంచం మీది ముసలాయన లేచి కూర్చుని చూస్తున్నాడు. "హే కాయ్ చాల్లయ్, సర్?" ఇదేం పని సర్ అంటూ నర్సు వచ్చింది. చూస్తే నా దగ్గర చదివిన పిల్లే. ఒకప్పుడు ఆమెతో నేను ఇవే తీయించాను. ఆమెకు గుర్తుంది, ముఖం చూస్తే తెలుస్తోంది. నవ్వు ఆపుకుని మందుల పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది. నాయిన హిందీలో లెక్కపెట్టాడు. ఆరు దాకా వచ్చేసరికి నాకు ఆయాసం, ఆయనకు నవ్వు. నవ్వుతుంటే దగ్గు.

"బస్. మిగిలినయ్ మాఫ్."

కూర్చున్నాక నా మణికట్టు పట్టుకున్నాడు. నవ్వు పోయింది.

"ఇగ విను. ఇది ఆర్డరు. ఈ సంగతి మీ అమ్మకు గాని ఎవ్వరికి గాని చెప్పద్దు. నేను పోయినంక ఆమె నీ ఇంట్ల ఉండాలె. నీ చేతి అన్నం తినాలె. నీ మీద మనసు ఇరిగిందనుకో, ఎక్కడ ఉంటది? నన్ను తిడితే నాకు ఏం కాదు. అలవాటే."

"నాయినా..."

"ఆర్డర్ అన్న."

సరేనన్నాను. ఎప్పుడూ సరేననడమే నాకు వచ్చింది.

డిసెంబరులో ఇంటికి తెచ్చుకున్నాం. పగటి వెలుగు కోసం ముందు గదిలో మంచం వేశాం. చెయ్యి లేపలేకపోయేవాడు, అందుకని ఈశ్వరిని మంచం పక్కన నిలబెట్టి నాతో జడ వేయించేవాడు. "సడలిచ్చినవ్. గుంజు. ఇంక గుంజు. తాడు కాదు రా అది, పిల్ల జుట్టు. గుంజు కాని ప్రేమగ గుంజు." నాలుగు రోజులు అలా పాఠం చెప్పాడు. అయిదో రోజు జడలు వేసి ఎట్లా ఉన్నాయని అడిగితే, "పాస్" అన్నాడు. ఆ మధ్యాహ్నం అమ్మ అన్నంలో పాలు కలిపి తెచ్చింది. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది.

గోదావరి ఒడ్డుకు ఆయన పాత దోస్తులు నలుగురు వచ్చారు. పాత కోట్లు బిగుతై గుండీలు పెట్టుకోలేక, అలాగే నిలబడి సెల్యూట్ చేశారు. సర్దార్జీ కూడా వచ్చాడు, బకెట్ లేకుండా. ఆయన చేతులు ఖాళీగా ఉండడం చూసి నాకు ఇంకా దుఃఖం వచ్చింది.

పదకొండో రోజు ఇంటి నిండా చుట్టాలు. దెగ్లూర్ నుంచి మా కాక, అంటే నాయిన తమ్ముడు, వచ్చాడు. భోజనాలయ్యాక అందరూ ఫోటో ముందు చాపల మీద కూర్చున్నారు. మాట మళ్ళీ అక్కడికే వచ్చింది.

"మా అన్న మొండోడు," అన్నాడు కాక. "నోరు తెర్వలె. తెరిస్తే ఇయ్యాల మన నడుమ కూసుందు."

అందరూ తలలూపారు. అమ్మ ఊపలేదు. ఫోటో వైపే చూస్తూ, తనలో తాను అన్నట్టు అంది.

"లోకానికి చెప్పకపోతే పాయె. ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు రాసినోడు, ఇంట్ల ఉండి నాకు ఒక్క మాట చెప్పలేదంటే, ఈ యాభై ఏండ్లు నేను ఆయనకు ఎవరిని?"

అది వినేదాకా నేను ఒక తప్పును దాస్తున్నాననే అనుకున్నాను. ఆమె యాభై ఏళ్ళను కూడా దాస్తున్నానని తెలియలేదు. ఆర్డరు గుర్తుంది. సజా అయిపోయింది కాబట్టి ఆ పేరు ఎత్తకూడదు. నా పుట్టుకలో ఆయన మాట ఒక్కటీ దాటలేదు. చాప మీద నుంచి లేచి నిలబడ్డాను.

"కాకా, నాయిన నోరు తెరిచిండు. ఒకసారి కాదు, మూడుసార్లు రాసి ఇచ్చిండు. ఎడమ దిక్కు పోటు అని. చదివింది నేను. కడుపు అని డాక్టరుకు చెప్పింది నేను. ఆసుపత్రిల నన్ను కాపాడనీకి మరిచిపోయిన అన్నడు. అమ్మా, ఆయన ఏది దాయలె. దాసింది నేను. చెప్పద్దని నాతోని మాట తీసుకున్నడు, నా మీద నీ మనసు ఇరుగుతదని."

వంటగదిలో రేఖ చేతిలోంచి గరిటె జారిన చప్పుడు వినిపించింది. అమ్మ నన్ను చూడలేదు. ఫోటోనే చూసింది.

"రాసిండా?" అంది.

"రాసిండు అమ్మా."

"మూడుసార్లా?"

"మూడుసార్లు."

అప్పుడు ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు.

నాయిన భయపడినట్టే అయింది. అమ్మ తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పళ్ళెం నా ముందు రేఖ పెట్టేది. పదో రోజు స్కూటరు తీస్తుంటే గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమయ్యా పెద్ద మాస్తరూ, ఒక చిన్న మాట చదవరానోనివి, ఎందరి పిల్లల్ని చెడగొడుతున్నవ్ ఆ బడిల? తలకాయ ఉన్నదా, చీటీతోని పాటే పారేసినవా?"

అప్పటి నుంచి రోజూ తిడుతుంది. పళ్ళు కోసి పెడుతూ తిడుతుంది, అన్నం వడ్డిస్తూ తిడుతుంది. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టానికీ మొదటి నుంచి చెబుతుంది, ఈసారి నా పేరుతో. ఫోటోను మాత్రం ఒక్క మాట అనదు. దాన్ని తుడిచేటప్పుడు ఆమె ముఖం, వానలు పడుతున్నయట అని కాకూకు చెప్పిన రోజుల్లో ఇలాగే ఉండేదేమో అనిపిస్తుంది.

హవల్దార్ సాబ్ తన జీవితంలో మాకు అన్నీ ఇచ్చాడు. ఒక్కటి మాత్రం నా దగ్గర్నుంచి అడక్కుండా తీసుకుపోయాడు. అమ్మ నోటి నుంచి అయిదు నెలలు ఆయన తిన్న తిట్లన్నీ నావి. చెప్పకుండా తీసుకుపోతే ఎట్లా ఊరుకుంటాను? ఆర్డరు దాటి లాక్కున్నాను. ఆ రోజు చాపల మీద కూర్చున్నవాళ్ళు పాతికమందే కాబట్టి, మిగిలినవాళ్ళకు కూడా తెలియాలని ఇప్పుడు అచ్చులో ఇస్తున్నాను. ఆయనకు కోపం వస్తే రానీ. వచ్చి సజా వేస్తే, ఈసారి పదీ తీస్తాను.